పండక్కి వచ్చినవాళ్ళూ, రానివాళ్ళూ: ‘శతమానం భవతి’ గురించి

2017 సంక్రాంతికి నేను మా ఊరు వెళ్ళలేదు. రైల్లో చోటు దొరకలేదని అమ్మకు ఫోనులో చెప్పాను. అది అబద్ధం. అప్పట్లో రిజర్వేషను 120 రోజుల ముందే తెరిచేవారు, సెప్టెంబరులోనే కొనుక్కుని వుండొచ్చు. కొనలేదు. వెళితే రెండో రోజుకల్లా పొలం కౌలు లెక్కలు బయటికొస్తాయి. అన్నయ్యకూ నాకూ మాటామాటా పెరుగుతుంది. అమ్మ గిన్నెలు చప్పుడు చేస్తూ మాట మార్చాలని చూస్తుంది. మూడేళ్ళుగా వరస ఇదే. ఆ ఏడు వద్దనుకున్నాను. కనుమ ఆదివారం పడింది. సికింద్రాబాదు సగం ఖాళీ. చేసేదేమీ తోచక ఒక పాత ఒంటితెర హాలుకు పోయి, ముందురోజే విడుదలైన ‘శతమానం భవతి’ చూశాను.

హాల్లో నాలాటి వాళ్ళు చాలామందే వున్నట్టున్నారు. విశ్రాంతిలో ఎవరూ పెద్దగా మాట్లాడుకోలేదు. చివరి అరగంటలో చుట్టూ ముక్కులు చీదుకుంటున్న చప్పుడు. నేనూ ఏడ్చాను. బయటికొచ్చి అమ్మకు ఫోను చేస్తే “తిన్నావా” అంది, అంతే.

ఏడిపించిన సినిమాను మంచి సినిమా అనుకునే హక్కు ప్రేక్షకుడికి వుంది. విమర్శ రాయడానికి కూచున్నవాడు మాత్రం ఆ కన్నీటిలో సినిమా సంపాదించుకున్నదెంత, తాను ఇంటి దగ్గర్నుంచి మోసుకెళ్ళినదెంత అని తేల్చుకోవాలి. నాకు ఆ లెక్క తేలడానికి చాలాకాలం పట్టింది.

ముందు సినిమా సంగతి. దర్శకుడు వేగేశ్న సతీష్, నిర్మాత దిల్ రాజు. ఆ పండక్కి చిరంజీవి నూట యాభయ్యో సినిమా ‘ఖైదీ నంబర్ 150’ జనవరి 11న, బాలకృష్ణ నూరో సినిమా ‘గౌతమిపుత్ర శాతకర్ణి’ 12న వచ్చాయి. ఆ రెంటి పక్కన యుద్ధాలూ, ఏనుగులూ, విదేశీ పాటలూ లేని యీ సినిమా సరిగ్గా పండగనాడు వచ్చి నిలబడింది. 2016 సంవత్సరపు జాతీయ అవార్డుల్లో ఆరోగ్యకరమైన వినోదాన్నిచ్చే జనాదరణ చిత్రంగా బహుమతి కూడా తెచ్చుకుంది. ‘చిన్న సినిమా పెద్ద సినిమాలను గెలిచింది’ అని పత్రికలు సంబరపడ్డాయి. ఖర్చులో చిన్నదే, కాదనను. కాని నైజాం పంపిణీ రంగంలో పలుకుబడి వున్న నిర్మాత చేతిలోని చిన్న సినిమా వేరు, హాలు దొరక్క డబ్బాల్లో మగ్గే చిన్న సినిమా వేరు. పాఠకులు ఆ తేడా మరవకుండా వుంటే చాలు. దానిమీద ఇంతకంటే రాయను.

కథ తెలిసిందే. ఆత్రేయపురంలో రాఘవరాజు, జానకమ్మ అనే వృద్ధ దంపతులు. వాళ్ళ పిల్లలు విదేశాల్లో. ఏళ్ళ తరబడి రారు. భార్య బెంగ చూడలేక రాఘవరాజు ఒక ఎత్తు వేస్తాడు. మేమిద్దరం విడాకులు తీసుకోబోతున్నామని పిల్లలకు కబురు పెడతాడు. దాంతో అందరూ సంక్రాంతికి దిగుతారు. ఎందుకొచ్చారో జానకమ్మకు తెలియదు. మనవడి వరసైన రాజు ఊళ్ళోనే వుండి వీళ్ళను కనిపెట్టుకుని వుంటాడు. రాజుకూ, కూతురి కూతురు నిత్యకూ మధ్య ప్రేమ. చివరికి గుట్టు బయటపడడం, మనసులు కడుక్కోవడం, కలయిక.

ప్రకాశ్ రాజ్, జయసుధ యీ సినిమాకు రెండు స్తంభాలు. ముఖ్యంగా జయసుధ. ఎదురుచూపును నటించడం కష్టం, ఎందుకంటే అందులో జరిగేదేమీ వుండదు. ఆమె తన వయసును దాచుకోకుండా, గొంతు పెంచకుండా, ఇంటినిండా మనుషులున్న సమయంలో కూడా ఎవరో ఒకరు ఇంకా రావలసి వున్నట్టు కనపడుతుంది. మా అమ్మను నేను అలాగే చూశాను. నా కన్నీటిలో ఆ భాగం న్యాయంగా ఆమెది.

ఇక కథలో నిజంగా పదునైన చోటు ఒకటుంది. అది విడాకుల ఎత్తు. ఆలోచించండి. అమ్మానాన్నా ఒంటరిగా వున్నారంటే ఆ పిల్లలు రాలేదు. పండగంటే రాలేదు. కోర్టు మాట వినపడగానే వచ్చారు. ప్రేమ చేయలేని పనిని పరువు భయం చేసింది. ఆ భయం పక్కన, పైకి ఎవరూ అనకపోయినా, ఇల్లూ పొలమూ ఏమవుతాయన్న ప్రశ్న కూడా నిలబడి వుంటుంది. కుటుంబం అనే వ్యవస్థ ఏ మేకుల మీద నిలబడి వుందో యింత స్పష్టంగా చెప్పే కథా సూత్రం తెలుగు సినిమాలో తరచు దొరకదు. దాన్ని చివరిదాకా పట్టుకుని వుంటే యీ సినిమా మనల్ని ఏడిపించేది కాదు, నిద్ర పట్టకుండా చేసేది. దర్శకుడు చేదుమాత్రను చేతిలోకి తీసుకున్నాడు, అంతలోనే భయపడి బెల్లంలో చుట్టి పంచిపెట్టాడు. ఎత్తు ఎత్తుగానే మిగిలిపోయింది. అది బయటపెట్టిన నిజం మాత్రం కథలోకి రాకుండానే పోయింది.

2018లో ఊరు వెళ్ళాను. వెళ్ళకుండా వుండలేకపోవడానికి యీ సినిమా కూడా కొంత కారణమని ఒప్పుకోవాలి. పండగ రోజుల్లో టీవీలో అదే సినిమా వేశారు. అన్నయ్యా నేనూ చెరో కుర్చీలో కూచుని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా చూస్తున్నాం. (కౌలు మాట అప్పటికే వచ్చేసింది.) అమ్మ వంటింటికీ చావడికీ మధ్య తిరుగుతూ ముక్కలు ముక్కలుగా చూసింది. గుట్టు బయటపడే ఘట్టం దగ్గర గుమ్మంలో ఆగి, చేతిలో అప్పడాల కర్రతోనే అడిగింది:

“అడక్కుండానేట్రా? విడాకులని ఊరందరికీ చెప్పే ముందు ఆవిణ్ణి అడగొద్దా?”

ఎవరూ జవాబు చెప్పలేదు. ఆమె లోపలికి వెళ్ళిపోయింది. నేను ఏడాదిపాటు కన్నీటి లెక్కలు చూసుకుంటూ పట్టుకోలేనిదాన్ని మా అమ్మ అప్పడాలు వత్తుతూ పట్టుకుంది. నలభై యేళ్ళ పైన కాపురం చేసిన స్త్రీ, ఆమె దాంపత్యం తెగిపోతోందని పిల్లలకు కబురు. ఆ కబురు ఆమెకు తప్ప అందరికీ తెలుసు. చట్టం ప్రకారం చూసినా, 1976లో హిందూ వివాహ చట్టానికి చేర్చిన పరస్పర అంగీకార విడాకులకు ఇద్దరి సంతకాలూ కావాలి. రాఘవరాజు ఎత్తులో జానకమ్మ సంతకానికి చోటే లేదు. తరవాత ఆమెకు తెలుస్తుంది, నొచ్చుకుంటుంది. కాని ఆ నొప్పిని సినిమా ఎలా చూస్తుంది? తీర్చవలసిన చిన్న అలకగా చూస్తుంది. భర్త ఉద్దేశం మంచిది కాబట్టి ఆమె అనుమతి అక్కర్లేదు అన్నది యీ కథకు పునాది. ఆమె కోసమే చేశాడు, ఆమెను అడక్కుండా చేశాడు. మన పితృస్వామ్యానికి యింతకంటే ప్రేమగల ముఖం వుండదు. అందుకే దానితో పేచీ పెట్టుకోవడం కష్టం.

పాత్రకు జానకి అని పేరు పెట్టడం యాదృచ్ఛికమే కావచ్చు. ఆ పేరుతో రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’ రాసి దశాబ్దాలు దాటిన తరవాత కూడా మన తెర మీద జానకి ఇంకా ఎవరో ఒకరి నిర్ణయం తెలిసేదాకా గుమ్మంలో నిలబడి వుండడం మాత్రం యాదృచ్ఛికం కాదు. పి. సత్యవతి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరిచిపోయిన గృహిణి వుంటుంది. ఆ పేరు కోసం ఆమె చిన్ననాటి స్నేహితురాలిని వెతుక్కుంటూ వెళ్ళాలి. జానకమ్మకు వెతుక్కోవలసిన అవసరమే రాకుండా సినిమా జాగ్రత్తపడింది. అమ్మ, నాయనమ్మ, అమ్మమ్మ – ఆమెకు యిన్ని పేర్లిచ్చి అసలు పేరు అడగలేదు.

పిల్లలు దూరమైన ముసలివాళ్ళ కథ కొత్తది కాదు. ‘బడిపంతులు’ (1972)లో రిటైరైన మాస్టారినీ ఆయన భార్యనూ కొడుకులు చెరొకరు పంచుకుంటారు. రామారావు, అంజలీదేవి వేసిన ఆ పాత్రలకు మా అమ్మ తరం ఏడ్చింది. కాని నేను పాఠకుల దృష్టికి తేవాలనుకుంటున్నవి రెండు బయటి సినిమాలు. అమెరికాలో లియో మెక్కారీ 1937లో ‘మేక్ వే ఫర్ టుమారో’ తీశాడు. అందులో మొదటి ఘట్టంలోనే తండ్రి పిల్లలతో చెబుతాడు, బాకీ తీరక ఇల్లు బ్యాంకు వశమవుతోందని. తరవాత జరిగే ప్రతి అవమానానికీ కారణం ఆ ఒక్క ఘట్టంలో వుంది. అప్పటికి రెండేళ్ళ ముందే, 1935లో, ఆ దేశంలో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది. ముసలితనం పిల్లల దయకు సంబంధించిన విషయమా, సమాజం బాధ్యతా అని దేశమంతా వాదించుకుంటున్న కాలం అది. సినిమా ఆ వాదంలో నిలబడి మాట్లాడింది. మనకు 2007లో తల్లిదండ్రుల పోషణ చట్టం వచ్చింది, పిల్లలు చూడకపోతే ట్రిబ్యునల్‌కు వెళ్ళమంటుంది. అంటే బరువును మళ్ళీ ఇంటి గుమ్మంలోనే దించింది. మన సినిమా చేసిన తీర్పూ అదే: పిల్లలు మారాలి, మారితే చాలు.

రెండోది ఓజు తీసిన ‘టోక్యో కథ’ (1953). ఒనోమిచి నుంచి ముసలి దంపతులు పిల్లల్ని చూడ్డానికి టోక్యో వెళతారు. పెద్దకొడుకు శివార్లలో చిన్న డాక్టరు. ఆదివారం అమ్మానాన్నల్ని ఊరు తిప్పుదామని బయలుదేరుతుంటే ఒక రోగి కోసం పిలుపు వస్తుంది, వెళ్ళిపోతాడు. కూతురు ఇంట్లోనే బ్యూటీ పార్లర్ నడుపుతుంది, కుర్చీ ఖాళీగా వుంటే ఆ రోజు కూలి పోయినట్టే. వీళ్ళను ఆటామీ వేడినీటి బుగ్గలకు పంపి చేతులు దులుపుకుంటారు. యుద్ధంలో పోయిన కొడుకు భార్య నోరికో మాత్రం ఆఫీసులో ఒక రోజు సెలవడిగి వాళ్ళకు నగరం చూపిస్తుంది. ఆ పిల్లలు దుర్మార్గులు కారు. యుద్ధం నుంచి లేచి నిలబడుతున్న నగరంలో బతుకు వాళ్ళ గంటల్ని కొలిచి తీసుకుంటోంది. తల్లి పోయాక కూతురు వెంటనే ఆమె బట్టలు తనకు కావాలంటుంది. ఓజు ఆమెను తిట్టడు, క్షమించడు, కెమెరాను కదపడు. చూసేవాడికి తన ఇల్లు గుర్తొస్తుంది. ఎవరూ ఎవరి కాళ్ళమీదా పడరు. ఆ సినిమా చూసి కూడా నేను ఏడ్చాను, కాని అది ఇంటికొచ్చాక.

మన దగ్గరే ‘మిథునం’ (2012) వుంది. శ్రీరమణ కథను తనికెళ్ళ భరణి రెండే పాత్రలతో తీశాడు. బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. అంతకు ముందే, 2000లో, ఎం.టి. వాసుదేవన్ నాయర్ అదే కథను మలయాళంలో తీశాడు. ఖర్చు మాట కొస్తే అసలు సిసలు చిన్న సినిమా అది. అందులో పిల్లలు తెరమీదికే రారు. వాళ్ళను రప్పించి బుద్ధి చెప్పాలన్న ఆరాటం భరణికి లేదు. ఆ పెరడు మరీ పచ్చగా, ఆ దంపతులు మరీ కులాసాగా వున్నారన్న ఫిర్యాదు నాకుంది. అయినా ఆ ముసలావిడకు నోరుంది, కోపముంది, మొగుణ్ణి ఎదిరించే ఓపిక వుంది. జానకమ్మకు ఆ అదృష్టం పట్టలేదు.

ఇక ఆత్రేయపురం. దర్శకుడు ఊరి పేరు నిజంది పెట్టాడు కాబట్టి ఆ ఊరి గురించి అడిగే హక్కు మనకుంది. గోదావరి మీద ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట 1852 నాటికి పూర్తయింది. ఆ కాలవలతో డెల్టా పండింది. ఆ మిగులే రైసు మిల్లులైంది, కాలేజీలైంది, తెలుగు సినిమా పెట్టుబడైంది, ఆఖరికి అమెరికా చదువులైంది. పిల్లలు ఊరు విడిచి పోవడం వాళ్ళ మనసు పాడవడం వల్ల జరిగింది కాదు. వంద ఎకరాలున్నా యాభై ఎకరాలున్నా బిడ్డను పొలంలో దింపకూడదని నిశ్చయించుకున్నది తండ్రులే. పెద్ద చదువులకు డబ్బు కట్టి, రైలెక్కించి, ఊళ్ళో గొప్పగా చెప్పుకున్నదీ వాళ్ళే. ఇరవై యేళ్ళ తరవాత అదే తండ్రి ‘మీరెందుకు రారు’ అని అడుగుతుంటే, ‘మీరెందుకు పంపారు’ అని తిరిగి అడిగే కొడుకు ఒక్కడుంటే కథ నిటారుగా నిలబడేది. మా నాన్నను నేను అడగలేదు. కాబట్టి ఆ కొడుకు పాత్ర రాయడం తేలికని అనను.

ఆ పచ్చదనం గురించి ఒక మాట. 2011 ఖరీఫ్‌లో కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించారు. పండించిన కొద్దీ నష్టమని నాట్లు మానేశారు. అదీ యీ వరిచేల మధ్యనే. డెల్టాలో నాగలి పట్టేవాడు ఎక్కువగా కౌలుదారు, పట్టా వున్నవాడు రాజమండ్రిలోనో, సికింద్రాబాదులోనో, ఇంకా దూరంలోనో వుంటాడు. నాలాగ. తెరమీది చేలు చూసి మనసు చల్లబడిన మనమంతా ఆ చేలలో దిగినవాళ్ళం కాము. ఆత్రేయపురం పేరు చెబితే పూతరేకులు గుర్తొస్తాయి. బోర్లించిన కుండ కింద మంట, పలచటి బియ్యప్పిండి నీళ్ళలో ముంచిన గుడ్డను ఆ వేడి కుండమీద ఒక్క లాగు లాగితే రేకు వస్తుంది. పొద్దంతా ఆ సెగ దగ్గర కూచునేది ఆడవాళ్ళు. 2023లో ఆ పూతరేకుకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. పేరు ఊరికి దక్కింది. అదే జిల్లాకు అంబేద్కర్ పేరు పెట్టినందుకు 2022 మే నెలలో అమలాపురంలో ఇళ్ళు తగలబెట్టారు. సినిమా అంతకు ఐదేళ్ళ ముందుది, ఆ మంటను ఊహించలేదని తప్పుపట్టను. కాని పండగ అందరిదీ అనే సినిమాలో ‘అందరూ’ ఎవరు, ఆ ఊళ్ళో ఎన్ని వీధులున్నాయి, కెమెరా ఏ వీధి మలుపు దగ్గర ఆగిపోయింది అన్నవి మాత్రం 2017లో కూడా అడగదగ్గ ప్రశ్నలే.

సికింద్రాబాదు స్టేషన్లో భోగి ముందు రాత్రి నిలబడి చూసినవాళ్ళకు యీ ‘అందరూ’ కొంచెం తెలుస్తారు. రిజర్వేషను పెట్టెల ముందు చక్రాల సూట్‌కేసులు, స్వీటు డబ్బాలు. జనరల్ పెట్టె ముందు పోలీసు తాడు కట్టి వరసలో కూచోబెట్టిన మనుషులు: శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి యీ నగరానికి మేడలు కట్టిన కూలీలు. వాళ్ళ సంచుల్లో ప్లాస్టిక్ బకెట్లు, పిల్లలకు కొత్త గౌన్లు. వాళ్ళు ఏటా వెళతారు. నిలబడి వెళతారు. వాళ్ళను రప్పించడానికి ఊళ్ళో ఎవరూ విడాకుల కబురు పెట్టనక్కర్లేదు. 1874 నాటి ఆ స్టేషను పాత ముఖద్వారాన్ని 2025లో పడగొట్టారు, కొత్తది కడుతున్నారు. ఆ కడుతున్నవాళ్ళూ బహుశా పండక్కి రైలెక్కేవాళ్ళే.

ఇది రాస్తున్నది సినిమాలో లేనిదాన్ని వెతికి తప్పుపట్టాలని కాదు. ఒక చిన్న సినిమా అన్నీ చూపించలేదు, చూపించనక్కర్లేదు. ఒక ఇల్లు చాలు. అయితే ఆ ఒక్క ఇంట్లోకి బయటి ప్రపంచం ఏ సందులోంచి వస్తుందో రచయితకు తెలిసి వుండాలి. రాజు పాత్ర చూడండి. అందరి పనులూ చేస్తాడు, అందరికీ కావలసినవాడు, ఊరు విడిచి వెళ్ళనివాడు. ఉన్న ఊళ్ళో వుండిపోయిన పాతికేళ్ళ కుర్రాడు దేనిమీద బతుకుతాడు? పెళ్ళి సంబంధాల బజారులో అతని ధర ఎంత? డెల్టా ఊళ్ళలో వ్యవసాయం చేసే కుర్రాడికి పిల్లనివ్వడం లేదన్నది ఇవాళ ప్రతి అరుగు మీదా వినపడే మాట. విదేశంలో పెరిగిన నిత్య అతన్ని ప్రేమించగానే ఆ సమస్య మాయమైపోయింది. రాజును సమస్యగా రాసి వుంటే నాకు అతని మీద ప్రేమ ఇంకా పెరిగేది. ఇదే దర్శకుడూ నిర్మాతా 2018లో ‘శ్రీనివాస కళ్యాణం’ తీశారు. అక్కడ పెళ్ళి తంతు గొప్పతనం మీద ఉపన్యాసాలు నిండిపోయి, యీ సినిమాలో వున్న ఆ కాస్త ఎదురుచూపు కూడా మిగల్లేదు. దాంతో నాకు ఒకటి అర్థమైంది. ‘శతమానం భవతి’ని నిలబెట్టింది విలువల బోధ కాదు. విడాకుల కబురు అనే ఆ ముల్లూ, జయసుధ ముఖమూ.

మన కథకులు యీ వస్తువును సినిమా వాళ్ళకు వదిలెయ్యకూడదని నా మనవి. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల నుంచి విదేశాలకు పోయినవాళ్ళలో కంప్యూటరు ఉద్యోగులొక్కరే లేరు. కువైట్‌కూ, మస్కట్‌కూ ఇంటిపనికి వెళ్ళిన ఆడవాళ్ళు వున్నారు, ఎక్కువమంది పేటలనుంచే. వాళ్ళ ఇళ్ళలో కథ తలకిందులు. వెళ్ళింది తల్లి, ఎదురుచూసేది బిడ్డ. పండక్కి రాకపోతే తప్పుపట్టడానికి వీల్లేదు, పాస్‌పోర్టు యజమాని బీరువాలో వుంటుంది. ఆ తల్లికి ఏ తండ్రీ ఎత్తు వేసి కబురు పెట్టలేడు.

2018లో తిరుగు ప్రయాణం గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో. నిడదవోలులో ఎక్కాను. అప్పటికే నా ఎదుటి సీట్లో ఒక ముసలావిడా, ఏడెనిమిదేళ్ళ పిల్లా వున్నారు. మాటల్లో తెలిసింది, కోనసీమ నుంచి వస్తున్నారు, సికింద్రాబాదులో దిగి శంషాబాదు విమానాశ్రయానికి పోవాలి. పిల్ల తల్లి నాలుగేళ్ళ తరవాత కువైట్ నుంచి వస్తోంది. పండగ అయిపోయింది కదా, నాలుగు రోజులు ముందు రాలేకపోయిందా అన్నాను. ఇప్పుడే వదిలారండి, అంది ముసలావిడ. సంచిలో అరిసెలు దాచి తెచ్చింది, నాకూ ఒకటి పెట్టింది. పిల్ల చాలాసేపు కిటికీలోంచి చీకట్లోకి చూసి, ఖాజీపేట దాటాక అడిగింది:

“అమ్మని మనం ఎలా గుర్తుపడతాం అమ్మమ్మా?”

“ఎర్ర చీర కట్టుకొత్తానందే,” అంది ముసలావిడ. “ఎర్ర చీర చూడు.”